మీజాను చెప్పని మాట
(సంఘ సాంస్కృతిక సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



పూర్వము మన పల్లెలలో కరణము లెక్క వ్రాసి, పుట చివర గీత గీసి, దాని క్రింద మీజాను వేసెడివాడు. రచ్చబండ మీది పెద్దలలో పలువురు ఆ మీజానును మాత్రము చూచి తల యూపెడివారు. లెక్క తెలిసిన రైతు మాత్రము తన పేర వ్రాసిన పద్దులను ఒక్కొక్కటిగా చదివించుకొని వినెడివాడు. తప్పు దొరలినచో అది పద్దులో దొరలును. మీజాను దానిని కప్పివేయును. సచివాలయములలో పనిచేయువారికిని ఇది క్రొత్త సంగతి కాదు. లోపలి ఉత్తర ప్రత్యుత్తరములను తిరగవేయక, పైనున్న సంగ్రహమును మాత్రము చదివి ఫైలుపై సంతకము చేసినవాడు ఏదో ఒకనాడు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును.

ఈ చిన్న నీతి ఈనాడు ఒక క్రొత్త చోట అవసరమైనది. చేతిలోని ఫోనులో నాలుగైదు నిమిషములలో ముగియు మానసికారోగ్య స్వీయపరీక్షలు ఇప్పుడు పెక్కు గృహములలో ప్రవేశించినవి. కొన్ని ప్రశ్నలు, ఒక్కొక్క ప్రశ్నకు కొన్ని జవాబులు, చివర ఒక అంకె, ఆ అంకె ప్రక్కన ఒక మాట: ‘స్వల్పము’, ‘మధ్యమము’, ‘తీవ్రము’. ఒక మాసమున ఒక అంకె వచ్చును. మరు మాసమున మరియొకటి వచ్చును. పెరిగినచో భయము, తగ్గినచో నిశ్చింత. ఇట్లు మారుచుండు అంకెలను ఎట్లు చదువుకొనవలెననునదే ఈ ప్రసంగ విషయము.

ఒక సంసారమును ఊహింపుడు. ఢిల్లీలో ఆర్.కె. పురము క్వార్టర్సులో నివాసము. తండ్రి కేంద్ర ప్రభుత్వ కార్యాలయములో సెక్షన్ ఆఫీసరు. తల్లి గృహిణి, నెలాఖరున పాలవాని లెక్కను తారీఖు తారీఖుకు సరిచూచి గాని పైకము ఇచ్చెడి మనిషి కాదు. ఇరువది యొక్క యేండ్ల కుమార్తె పోటీ పరీక్షకు చదువుచున్నది. పరీక్షకు పది దినముల ముందు ఆమె తన ఫోనులో ఒక స్వీయపరీక్ష వ్రాసికొన్నది. 27కు 17 వచ్చినది. తండ్రి చూచి గాభరాపడెను. రెండు మాసములు గడచినవి. పరీక్ష ముగిసినది, ఫలితములు వెలువడినవి, ఆమె సంఖ్య జాబితాలో లేదు. తండ్రి కోరగా ఆమె మరల ఆ ప్రశ్నలకే జవాబులు గుర్తించినది. ఈసారి 9 వచ్చినది. తండ్రి ముఖము వికసించినది.

“చూశావా అమ్మా, సగానికి సగం తగ్గింది. అదంతా పరీక్షల హడావిడే. నీకేమీ లేదు.”

“అవును నాన్నా” అని ఆమె ఫోను మూసి లోపలికి పోయినది.

తండ్రి తీసివేత తప్పు కాదు. 17లో నుండి 9 పోగా 8 అంకెల తగ్గుదల. అది చిన్నది కాదు. అయినను ఆయన ఒక ముఖ్య విషయమును చూడలేదు. అది ఏమో తెలియుటకు ముందు ఆ పరీక్ష పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను.

మనస్సులోని బాధను ప్రశ్నల పట్టికతో పసిగట్టవచ్చునను ఊహ ప్రథమ ప్రపంచ యుద్ధము నాటిది. యుద్ధ బీభత్సమును తట్టుకొనలేని సైనికులను ముందుగా గుర్తించుటకై అమెరికా మనశ్శాస్త్రవేత్త రాబర్టు వుడ్‌వర్తు ‘అవును, కాదు’ అని జవాబు చెప్పదగిన ప్రశ్నలను కూర్చెను. అవి విరివిగా వాడుకలోనికి రాక పూర్వమే 1918లో యుద్ధము ముగిసినది. 1961లో ఏరన్ బెక్ అను వైద్యుడు విషాదపు తీవ్రతను కొలుచు పట్టికను ప్రకటించెను. నేడు ఫోనులలో ఎక్కువగా కానవచ్చు పి.హెచ్.క్యు.-9 అను పట్టికను 2001లో కర్ట్ క్రోంకి, రాబర్టు స్పిట్జరు, జానెట్ విలియమ్సు అనువారు ప్రకటించిరి. ఆందోళనను కొలుచు జి.ఎ.డి.-7 అను పట్టిక 2006లో వెలువడినది. ఈ రెండింటి తయారీకి ఫైజరు అను ఔషధ సంస్థ ధనసహాయము చేసినది. ఎవరును అనుమతి కోర నవసరము లేకుండ వీనిని ముద్రించుకొనవచ్చును, అనువదించుకొనవచ్చును. ఇంత త్వరగా ఇవి లోకమంతట వ్యాపించుటకు ఇది ఒక ముఖ్య కారణము.

పి.హెచ్.క్యు.-9లో ప్రశ్నలు తొమ్మిది. పనులయందు ఆసక్తి తగ్గుట, దిగులు, నిరాశ, నిద్ర చెడుట, నీరసము, ఆకలి మారుట, తాను పనికిమాలినవాడననియు, ఇంటివారికి తలవంపులు తెచ్చితిననియు తోచుట, మనస్సు నిలువకుండుట, కదలికలు మందగించుట లేక కుదురు లేకుండుట, చివరిది, చనిపోయినచో బాగుండునను తలపు గాని తన్ను తాను గాయపరచుకొను తలపు గాని కలుగుట. గడచిన రెండు వారములలో ఇవి ఎంత తరచుగా బాధించినవో చెప్పవలెను. అసలు లేనిచో 0, కొన్ని దినములైనచో 1, సగము కంటె ఎక్కువ దినములైనచో 2, దాదాపు ప్రతిదినమైనచో 3. మొత్తము 0 నుండి 27 వరకు ఉండవచ్చును. 5 నుండి స్వల్పము, 10 నుండి మధ్యమము, 15 నుండి మధ్యమ తీవ్రము, 20 నుండి తీవ్రము అని మెట్లు ఏర్పరచిరి.

ఇది రోగులతో క్రిక్కిరిసిన గదిలో కూర్చుండు సాధారణ వైద్యునికి, ఎవరితో మరికొంత సేపు మాటాడవలెనో సూచించుటకు ఏర్పడిన సాధనము. ఇది తలుపు తట్టును. లోపల ఎవరున్నారో చెప్పదు. దీనిని ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. 10 అంకెల వద్ద గీత గీసినచో, తీవ్ర విషాద వ్యాధి కలవారిలో 100కి 88 మందిని ఈ పట్టిక పట్టుకొన్నదనియు, ఆ వ్యాధి లేనివారిలో 100కి 88 మందిని సరిగా విడిచిపెట్టినదనియు 2001 నాటి పరిశోధన చెప్పినది. 1000 మంది గల ఒక సముదాయములో 100 మందికి వ్యాధి ఉన్నదనుకొనుడు. పట్టిక వారిలో 88 మందిని పట్టుకొనును. మిగిలిన 900 మందిలో 108 మందిని పొరపాటున పట్టుకొనును. గీత దాటినవారు మొత్తము 196 మంది. వారిలో నిజముగా వ్యాధి కలవారు 88 మంది, అనగా సగము కంటె తక్కువ. మరి 12 మంది రోగులు గీత క్రిందనే ఉండి ఎవరి కంటను పడకపోవుదురు. కనుక 10 దాటినవారందరు రోగులును కారు, దాటనివారందరు స్వస్థులును కారు.

ఇక అంకెలు మారుటకు గల కారణములు.

మొదటిది, ఆ పట్టిక అడుగుచున్నది గడచిన రెండు వారముల సంగతి. జాతక చక్రము పుట్టుకతో ఏర్పడి మారక యుండును. జ్వరమాపకము గంట గంటకు మారును; మారునది గనుకనే అది ఉపయోగపడుచున్నది. మార్చి మాసాంతమున పద్దులు మూసివేయు తొందరలో, పార్లమెంటు సమావేశముల దినములలో, బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చిన వారమున వ్రాసిన పరీక్షయు, పండుగకు స్వగ్రామమునకు పోయి వచ్చిన పిదప వ్రాసిన పరీక్షయు ఒకే అంకె చూపినచో ఆశ్చర్యపడవలెను గాని, వేరువేరు అంకెలు చూపినచో కాదు.

రెండవది, చిన్న మార్పులకు అర్థము తక్కువ. నిన్న ‘కొన్ని దినములు’ అని గుర్తించినవాడు నేడు ఏ మార్పును లేకయే ‘సగము కంటె ఎక్కువ’ అని గుర్తింపవచ్చును. జ్ఞాపకము అంతటిదే. ఈ పట్టికలో 5 అంకెల మార్పునే వైద్యులు సామాన్యముగా గణనలోనికి తీసికొందురు. 9 నుండి 10కి పోయినచో ప్రక్కనున్న మాట ‘స్వల్పము’ నుండి ‘మధ్యమము’నకు మారును. మాట మారినది గాని మనిషి మారలేదు. ఒక్క అంకె మారినది. 10 నుండి 14కు పోయినచో మాట మారదు. బాధ మాత్రము పెరుగుచుండవచ్చును.

మూడవది, మనిషి ఈ పరీక్షను ఎప్పుడు తలచుకొనును? మనస్సు మిక్కిలి క్రుంగిన రాత్రి తలచుకొనును. మిక్కిలి లోతైన చోటినుండి ఏ కదలిక కలిగినను అది పైకే పోవును గదా. ఏ చికిత్సయు లేకున్నను రెండవసారి అంకె కొంత తగ్గుటకు అవకాశ మెక్కువ. 1886లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తును, బిడ్డల ఎత్తును పోల్చి చూచి, మిక్కిలి పొడవైనవారి బిడ్డలు సగటున వారికంటె కొంత పొట్టిగను, మిక్కిలి పొట్టివారి బిడ్డలు కొంత పొడవుగను ఉందురని చూపెను. కొసలో నున్న కొలత రెండవమారు నడిమికి జరుగు స్వభావము అన్ని కొలతలలోను కలదు. దీనిని ఎరుగనివారు మొదటి అంకె చూచి కొన్న తైలమునకో, కట్టుకొన్న తాయెత్తునకో ఆ గొప్పతనమును కట్టబెట్టుదురు.

నాలుగవది, పట్టికలు వేరైనప్పుడు అంకెలను పోల్చరాదు. 27కు 12 వేరు, 21కి 12 వేరు. కెస్లర్ పట్టికలో ప్రశ్నలు పది. అతి తక్కువ అంకె 10, అతి ఎక్కువ 50. అది రెండు వారములను గాక ఒక మాసమును గురించి అడుగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరున 1998 నుండి వాడుకలో నున్న ఐదు ప్రశ్నల పట్టిక మరియు విచిత్రము. అది బాధను గాక క్షేమమును కొలుచును. అందు అంకె ఎక్కువైన కొలది మేలు. ఒక పట్టికలో అంకె తగ్గినదని సంతోషించినవాడు, ఆ అలవాటుననే రెండవ పట్టికలో తగ్గుదలను చూచి సంతోషించినచో దాని ఫలితమేమో చెప్పనవసరము లేదు. పేరు లేని పరీక్షలు, ప్రకటనల నడుమ వచ్చు పరీక్షలు, చివర ఏదో ఒకటి కొనుమని చెప్పు పరీక్షలు అసలు లెక్కలోనికి రావు.

ఐదవది భాష. తెలుగువానికి దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు. ఇల్లు విడిచి వచ్చిన పిల్లవానికి బెంగ; రాబోవు దానిని తలచుకొన్నవానికి గుబులు; కారణము చెప్పలేక కూర్చున్నవానికి దిగులు. మన పెద్దవారిలో పలువురు మనస్సును గురించి చెప్పవలసి వచ్చినప్పుడు శరీరమును గురించి చెప్పుదురు: “గుండెల్లో దడగా ఉంది”, “ఒంట్లో సత్తువ లేదు”, “అన్నం సయించడం లేదు.” అట్టివారు ఆంగ్ల పట్టికలో ‘డిప్రెస్డ్’ అను మాటను చూచినచో అది పిచ్చివారిని గురించిన మాట యనుకొని 0 గుర్తింతురు. అదే ప్రశ్నను తెలుగులో దిగులని అడిగినచో 2 గుర్తింతురు. ఆంగ్లమున ఒకసారి, తెలుగున ఒకసారి వ్రాసి ఆ రెండింటి భేదమును రోగపు మార్పుగా భావించుట పొరపాటు. ఏ భాషలో మనిషి ఏడ్చునో ఆ భాషలోనే జవాబు చెప్పుట మేలు.

ఆరవది శరీరము. థైరాయిడు మందగించినను, రక్తహీనత కలిగినను, బి-12 విటమిను లోపించినను నీరసము, నిద్ర మార్పు, మనస్సు నిలువకుండుట కలుగవచ్చును. కొన్ని మందులును ఇట్టి లక్షణములను కలిగించును. తొమ్మిది ప్రశ్నలలో నిద్ర, నీరసము, ఆకలి, కదలికలను గురించినవి నాలుగు. శరీర వ్యాధి వలన ఈ నాలుగును పెరిగి మీజానును పైకి లాగవచ్చును. అందువలన అంకె పెరిగినప్పుడు రక్తపరీక్షను గూర్చి వైద్యుని అడుగుట అధైర్యపడుటకంటె ఉపయోగకరము.

ఏడవది, ప్రక్కన ఎవరున్నారు? తండ్రి భుజము మీదుగా చూచుచుండగా కుమార్తె గుర్తించు జవాబు వేరు. ఒంటరిగా గుర్తించునది వేరు. కార్యాలయపు కంప్యూటరు ముందు కూర్చుండి, ఎవరేమనుకొందురో యను శంకతో వ్రాసినది మరియు వేరు. దాచుకొనవలసిన మాటను దాచుకొనుటకు వీలైన చోటనే నిజము బయటికి వచ్చును.

ఇన్ని కారణములు తెలిసిన పిదప కొందరు మరియొక కొసకు పోవుదురు. ప్రతి ఉదయము ఒకసారి, ప్రతి రాత్రి ఒకసారి పరీక్ష వ్రాసికొని, 7 వచ్చినదని ఊరటపడి, 8 వచ్చినదని వడకుదురు. రెండు వారముల సంగతి అడుగు పట్టికను దినమునకు రెండుసార్లు వ్రాసినచో అది చెప్పునది ఏమున్నది? విత్తనము మొలచినదో లేదో యని గంటకొకసారి మట్టి తీసి చూచుటవంటిది ఆ పని. పైగా ఈ సరిచూచుకొనుటయే ఒక ఆందోళనగా పరిణమించును. రెండు మూడు వారములకు ఒకసారి, అదే పట్టికను, అదే భాషలో, ప్రశాంతముగా, ఒంటరిగా వ్రాసికొని, ప్రక్కన తారీఖును, ఆ దినములలో జరిగిన ముఖ్య విషయమును ఒక్క వాక్యములో గుర్తుంచుకొనుట చాలును. ‘అమ్మకు ఆపరేషను జరిగిన వారము’ అని వ్రాసి యున్నచో, ఆరు మాసముల తరువాత ఆ అంకె అర్థమగును. లేనిచో అది వట్టి అంకె.

ఇక ఆర్.కె. పురములోని ఇంటికి మరల పోవుదము. ఆ రాత్రి భోజనములైన పిదప తల్లి కుమార్తె గదిలోనికి పోయినది. ఆమెకు మీజానులయందు నమ్మకము తక్కువ.

“ఏదీ తల్లీ, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించు.”

కుమార్తె చూపినది. తల్లి పాలవాని లెక్క చూచినట్లే ఒక్కొక్క వరుసను వ్రేలితో చూచుచు పోయినది. మొదటిసారి నిద్రకు 3, నీరసమునకు 3, ఆకలికి 3, మనస్సు నిలువమికి 3, ఆసక్తికి 2, దిగులునకు 2, తలవంపుల ప్రశ్నకు 1, కదలికలకు 0, చివరి ప్రశ్నకు 0. మొత్తము 17. రెండవసారి నిద్రకు 1, నీరసమునకు 1, ఆకలికి 0, మనస్సు నిలువమికి 1, ఆసక్తికి 1, దిగులునకు 2, తలవంపుల ప్రశ్నకు 2, కదలికలకు 0, చివరి ప్రశ్నకు 1. మొత్తము 9.

“నిద్ర బాగుపడింది. తిండి బాగుపడింది. మరి ఇదేమిటి, అప్పుడు ఒకటి, ఇప్పుడు రెండు?”

“అది... ఇంట్లో అందరికీ తలవంపులు తెచ్చానని అనిపించడం గురించి అమ్మా.”

తల్లి ఏమియు అనలేదు. వ్రేలు చివరి వరుస మీదికి జరిగినది.

“దీనికి అప్పుడు సున్నా. ఇప్పుడు కొన్ని రోజులని పెట్టావు. ఏ రోజులు తల్లీ?”

కుమార్తె చాలసేపు మాటాడలేదు. పిదప చెప్పినది. ఫలితములు వచ్చిన రాత్రి, తండ్రి ఎవరితోనో ఫోనులో “ఈసారి కూడా పోయిందండీ” అనిన సాయంకాలము, మొన్నటి ఆదివారము.

పరీక్ష ముగిసినందున దేహము విశ్రాంతి పొందినది. నిద్రయు ఆకలియు తిరిగి వచ్చి మీజానును క్రిందికి లాగినవి. ఆ సమయముననే రెండు వరుసలు మాత్రము పైకి ప్రాకినవి. ప్రమాదము ఆ రెండు వరుసలలో నున్నది. తండ్రి చూచిన అంకె నిజమే. తల్లి చదివిన లెక్కయు నిజమే. కాని ఆ రాత్రి ఆ బిడ్డకు అక్కరకు వచ్చినది తల్లి అడిగిన ప్రశ్న.

ఇందువలన తేలిన మొదటి నియమమిది: తొమ్మిదవ ప్రశ్నను మీజానులో కలిపి చూడరాదు. దానిని విడిగా చదువవలెను. అక్కడ 0 కానిది ఏది కనబడినను, మొత్తము 3 అయినను, 23 అయినను, ఆ దినముననే ఒక మనిషి ఆ మనిషితో మాటాడవలెను. అట్టి తలపును గురించి అడిగినచో అది క్రొత్తగా మనస్సులో నాటుకొనునని పలువురు భయపడుదురు. అడిగినంత మాత్రమున ఆ తలపు పుట్టదనియు, పలువురికి అడిగిన పిదప భారము తగ్గుననియు పరిశోధనలు చెప్పుచున్నవి. సూటిగా, నెమ్మదిగా, తీర్పు చెప్పక అడుగవలెను, వినవలెను, ఒంటరిగా విడువక, వైద్యుని వద్దకు చేర్చవలెను.

రెండవ నియమము: పట్టిక చివర అంకెలలో చేరని ప్రశ్న యొకటి యుండును. ఈ బాధల వలన పని చేయుట, ఇల్లు చూచుకొనుట, ఇతరులతో మెలగుట ఎంత కష్టమైనదని అది అడుగును. మీజానులో చేరదు గనుక పలువురు దానిని చదువనే చదువరు. అంకె 8 అయినను స్నానము చేయుటకు లేవలేనివానికి సహాయము కావలెను. అంకె 12 అయినను కార్యాలయమునకు పోయి, సాయంకాలము పిల్లలతో నవ్వగలుగువానికి తొందర కొంత తక్కువ. అయినను అతడును ఒకసారి వైద్యునితో మాటాడుట మేలు.

మూడవ నియమము చికిత్సలో నున్నవారికి. విషాదమునకు ఇచ్చు మందులు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. మొదటి వారమున అంకె తగ్గలేదని మందు మానరాదు. అంకె తగ్గినదని అంతకన్న మానరాదు. స్వస్థత చిక్కిన పిదపను సామాన్యముగా ఆరు మాసములైనను కొనసాగింతురు. మానవలసినప్పుడు వైద్యుడే మెల్లమెల్లగా తగ్గించును. ఫోనులోని అంకె వైద్యునికి చూపవలసిన కాగితమే గాని వైద్యుని ఉత్తర్వు కాదు.

ఉద్యోగుల కుటుంబములలో ఇంకొక భయము కలదు: ఇది బయటపడినచో ఉద్యోగమునకు ముప్పు, పిల్లల సంబంధములకు చిక్కు అని. ఆ భయము వలననే పలువురు ఫోనులోని అంకెతో ఒంటరిగా కాలక్షేపము చేయుదురు. 2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో, మానసిక వ్యాధి కలిగియు చికిత్స అందనివారు వ్యాధిని బట్టి 100కి 70 నుండి 92 వరకు ఉన్నట్లు తేలినది. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి వివరములను గోప్యముగా ఉంచవలెనని నిర్దేశించినది. సర్వీసులో ఉండగా వైకల్యము కలిగిన ఉద్యోగిని ఆ కారణమున తొలగింపరాదని, హోదా తగ్గింపరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వ సంస్థలను కట్టడి చేసినది. చట్టము ఇరుగుపొరుగు నోళ్ళను మూయలేదు. కాని వైద్యుని గుమ్మము వద్దకు పోవుటకు కొంత ధైర్యము నిచ్చుచున్నది.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను సహాయ సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, ఖర్చు లేదు, తెలుగులోను మాటాడవచ్చును. స్వభాష వినబడని నగరములో అర్ధరాత్రి వేళ తెలుగున మాటాడు ఒక గొంతు వినబడుట సామాన్యమైన సంగతి కాదు. ప్రాణాపాయము ఎదుట నున్నప్పుడు 112కు ఫోను చేసి, దగ్గరి ఆసుపత్రికి చేర్చవలెను.

ఆర్.కె. పురములోని తండ్రికి ఆ రాత్రియే సంగతి తెలిసినది. ఆయన చాలసేపు వరండాలో నిలుచుండి, పిదప కుమార్తె మంచము ప్రక్కన వచ్చి కూర్చుండెను. “నేను కూడికే చూశానమ్మా, చదవలేదు” అనెను. మరునాడు సెలవు పెట్టి, ముగ్గురును కలిసి వైద్యుని వద్దకు పోయిరి. రెండు అంకెల కాగితములును వెంట తీసికొని పోయిరి. వైద్యుడు మీజానును చూచి, వెంటనే పైకి పోయి, వరుస వరుసగా చదువ నారంభించెను.

ఈ సంఘమున పండుగలు జరుగును, నాటకములు ఆడుదురు, పిల్లలకు బహుమతులు ఇత్తురు. ఊరు విడిచి వచ్చినవారికి ఇవి బంధువుల కొరతను తీర్చును. ఇకముందు ఎవరైనను ఫోను చూపి, “నాకు ఇంత వచ్చింది” అనినప్పుడు, “ఇంతేనా?” అనియు, “అంతా?” అనియు అనక, ప్రక్కన కూర్చుండి, “ఏ ప్రశ్నకు ఎంత పెట్టారు?” అని అడుగవలెను. కొన్ని దినములని చెప్పినచో, ఏ దినములో అడుగవలెను. చెప్పువరకు వేచియుండవలెను.

స్వస్తి.